అందరి నాన్నలూ డాక్టర్లే

మా తొమ్మిదో తరగతిలో నేను ఎడమచెయ్యిని. ఎడమచేత్తో రాస్తానని కాదు. బయటివాళ్ళు వచ్చి క్లాసు వెనక కుర్చీలు వేసుకుని కూర్చుని చూసే పాఠాన్ని మేము పెద్ద క్లాసు అంటాం. ఆ రోజున టీచర్ ప్రశ్న అడిగితే క్లాసులో ప్రతివాడూ చెయ్యెత్తాల్సిందే. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవాళ్ళకి గది నిండా చేతులు కనిపిస్తాయి, టీచర్ మాత్రం కుడిచేతుల్లోంచే ఒకదాన్ని ఏరుకుంటారు. ఇది మా బడి కనిపెట్టిన విద్యేమీ కాదు, మా చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళినా ఇదే తంతు. చూడ్డానికి వచ్చే అధికారులు కూడా ఒకప్పుడు టీచర్లే కాబట్టి వాళ్ళకీ తెలుసు. తెలిసినా తెలియనట్టు తల ఊపి, టీ తాగి వెళ్ళిపోతారు.

ఎడమచెయ్యి ఎత్తడంలో నన్ను మించినవాడు లేడు. జవాబు వచ్చినవాడికి ఎక్కడ పిలుస్తారోనని భయం ఉంటుంది, వాడి చెయ్యి చెవిదాకా వచ్చి ఆగిపోతుంది. నన్ను ఎలాగూ పిలవరు కదా, నాకేం భయం. భుజం ఊడొస్తుందేమో అన్నంత పైకి ఎత్తేవాణ్ణి. ఆ ఊపు చూసి ఈ దౌ లిన్‌హై అనేవాడెవడో చదువుల పుట్ట అని ఎంతమంది మోసపోయారో లెక్కలేదు.

నా అసలు సంగతి చెప్తాను. ఇంగ్లీషులో నాకు వచ్చిన అత్యధిక మార్కులు నూటఇరవైకి ఇరవైమూడు. అవి కూడా నావి కావు. ఏమీ తోచకపోతే మూడో జవాబుకి టిక్కు పెట్టమని మా సీనియర్లు తరతరాలుగా చెప్తూ వస్తున్న సూత్రానివి. ఆ సూత్రం కూడా లేకపోతే నేను సున్నాతో కాపురం చేసేవాణ్ణి.

పాఠం చదవడానికి నాకో పద్ధతి ఉండేది. ప్రతి ఇంగ్లీషు మాట కిందా దాని మోతకి దగ్గరగా ఉండే మన చైనా అక్షరాలు రాసుకునేవాణ్ణి. ఆ అక్షరాలకి సొంత అర్థాలు ఉంటాయి, దానికి నేనేం చెయ్యను. "మై ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్" అన్న వాక్యం నా పుస్తకంలో "కొను, జ్వరం, ఒకటి, పెద్దబాతు, కత్తివీరుడు" అని ఉండేది. మూడేళ్ళపాటు నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నాననే అనుకున్నాను, నేర్చుకుంటున్నది మాత్రం జ్వరమొచ్చిన బాతుల కథ.

మా ఇంగ్లీషు టీచర్ పేరు మెంగ్. ఆవిడ గొంతు ఎప్పుడూ బొంగురుపోయి ఉండేది. గాజు సీసాలో ఏవో గింజలు నానబెట్టుకుని ఆ నీళ్ళు తాగుతూ పాఠం చెప్పేది. సుద్దముక్క విసిరితే ఆఖరి బెంచీలో కూర్చున్నవాడి నుదుటికి సరిగ్గా తగిలేది. ఆ నుదురు చాలాసార్లు నాదే. ఆవిడ మంచిదని ఎవరైనా అంటే అప్పట్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. కానీ ఒక్క సంగతి చెప్పుకోవాలి. పెద్ద క్లాసు రోజున ఆఖరి బెంచీవాళ్ళని జ్వరం వంక పెట్టి హాస్టల్లో పడుకోబెట్టడం అన్ని బళ్ళలోనూ ఉన్న ఆచారం. మెంగ్ టీచర్ మాత్రం ఒప్పుకునేది కాదు. మీరేమన్నా దొంగసరుకా దాచిపెట్టడానికి, కూర్చుని చెయ్యెత్తండి అనేది. ఎడమచెయ్యి అనేది లేకపోతే నేను ఏ పెద్ద క్లాసులోనూ కూర్చునేవాణ్ణి కాదు.

ఈ విషయంలో ఆవిడకీ మా ప్రిన్సిపాల్ హౌ గారికీ పడేది కాదు. ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఇంగ్లీషంటే ఆయనకి నాకున్నంత భయమే, కాకపోతే ఆయనకి పరీక్షలు లేవు. ఆ ఏడు వసంతంలో ఆయన స్టాఫ్ రూములో అందరి ముందూ మెంగ్ టీచర్‌కి చెప్పేశారు, ఈసారి ఆ వెనక బెంచీ వల్ల పరువు పోతే ఆవిణ్ణి కొండమీది శాఖ బడికి పంపిస్తానని. ఆ బడి మా ఊరికి పైన పసుపురంగు మట్టి కొండల్లో ఉంది. వారం మొదట్లో ఎక్కితే శనివారం దాకా దిగడం కుదరదు. మెంగ్ టీచర్‌కి మూడేళ్ళ కూతురు. ఆ పిల్ల సాయంత్రాలు స్టాఫ్ రూములో బల్ల కింద కూర్చుని మా పరీక్ష కాగితాల మీద కోళ్ళ బొమ్మలు వేస్తుండేది. ఆ బెదిరింపు కిటికీ బయటనుంచి మేమంతా విన్నాం. నేనైతే ఆ రోజునుంచి చెయ్యి ఇంకో అంగుళం పైకి ఎత్తాను.

ఇంత హడావుడికీ కారణం ఒక విదేశీ బామ్మ. పేరు హ్యారియెట్. న్యూజీలాండ్ నుంచి వచ్చి రాష్ట్ర రాజధానిలో టీచర్లకి పాఠాలు చెప్పేది. ఏదో ఒక చిన్న పట్నంలో ఏడాది ఉండి పిల్లలకి ఇంగ్లీషు చెప్దామని బళ్ళు చూసుకుంటూ తిరుగుతోంది. ఆవిడ మా బడిలో దిగితే తన ఫొటో పేపర్లో పడుతుందని హౌ గారి ఆశ. ఆవిడ మాత్రం వెనక కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతుందని మాకు చెప్పారు.

పెద్ద క్లాసుకి ఎంచుకున్న పాఠం "మీ నాన్నగారు ఏం చేస్తారు?" పుస్తకంలో దానికి ఒకటే జవాబు ఉంది, మా నాన్నగారు డాక్టరు అని. పరీక్షలో అదే అడుగుతారు, అదే రాస్తేనే మార్కు. మా క్లాసు లీడరు ఫాంగ్‌ఫెయ్ వాళ్ళ నాన్న క్షౌరం చేస్తాడు. మిగతావాళ్ళలో సగంమంది నాన్నలు బంగాళాదుంపలు పండిస్తారు, మిగతా సగం ఆ దుంపలు మోస్తారు. మా నాన్న రెండూ చేస్తాడు. అయినా రిహార్సల్‌లో అందరం గొంతెత్తి మా నాన్నగారు డాక్టరు అనేవాళ్ళం. అది అబద్ధమని మాలో ఒక్కడికి కూడా తట్టలేదు. మన మాటల్లో నాన్న దుంపలు అమ్ముతాడు, ఇంగ్లీషులో నాన్న డాక్టరు. ఆ లోకం వేరు, ఈ లోకం వేరు. అటువైపునుంచి ఎవరో వచ్చి నిజంగా అడుగుతారని ఎవడనుకున్నాడు.

ఆ గురువారం పొద్దున్న బామ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, తెల్ల జుట్టు, మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు పట్టుకుని ఆగింది. పాఠం మొదలైంది. మెంగ్ టీచర్ ప్రశ్న వేసింది, చేతులన్నీ లేచాయి, ఫాంగ్‌ఫెయ్ లేచి జవాబు చెప్పి కూర్చుంది. బామ్మ చప్పట్లు కొట్టింది. అంతటితో ఊరుకుంటే నాకీ కథ ఉండేది కాదు. ఆవిడకి ఉత్సాహం ఆగలేదు. కుర్చీలోంచి లేచి తనే ప్రశ్న వేసింది.

చేతులు మళ్ళీ లేచాయి. కుడి ఎడమల మర్మం ఆవిడకి ఏం తెలుసు? ఆవిడకి అందుబాటులో ఉన్నది ఆఖరి బెంచీ, ఆ బెంచీలో అందరికంటే పైకి లేచి ఊగుతున్నది నా చెయ్యి. నా భుజం మీద తట్టింది. నా కాళ్ళు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. హౌ గారు కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం కొను, జ్వరం, ఒకటి, పెద్దబాతు, కత్తివీరుడు అని గడగడా అప్పజెప్పేశాను. అన్నిసార్లు రిహార్సల్ చేస్తే గోడ కూడా చెప్తుంది ఆ వాక్యం. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది.

బామ్మ మురిసిపోయింది. నా పక్కవాణ్ణి అడిగింది, వాళ్ళ నాన్న డాక్టరు. ముందు బెంచీ పిల్లని అడిగింది, ఆ పిల్ల నాన్నా డాక్టరే. ఆ వరసలో అందరి నాన్నలూ డాక్టర్లే. ఇంత చిన్న ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుంటే ఇక్కడ ఎవరికీ జబ్బే చెయ్యదేమో అందట ఆవిడ, మెంగ్ టీచర్ తర్వాత చెప్పింది. మళ్ళీ నా వైపు తిరిగి, మోకాలు తట్టుకుంటూ, ఒక పొడుగాటి ప్రశ్న అడిగింది. అందులో ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు.

అర్థం కానప్పుడు ఏం చెయ్యాలో మాకు నేర్పారు. నవ్వుతూ ఎస్ అనాలి. నో అంటే ఎందుకని అడుగుతారు, ఎస్ అంటే వదిలేస్తారు. నేను నవ్వుతూ ఎస్ అన్నాను. బామ్మ నా చెయ్యి పట్టుకుని ఊపింది. మెంగ్ టీచర్ చేతిలో సుద్దముక్క కింద పడి విరిగింది. ఆవిడ గురి చూడకుండా సుద్దముక్క వదలడం అదే మొదటిసారి.

క్లాసవ్వగానే ఆవిడ నా చెవి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. నా చెవులు పెద్దవి, దౌ వారి ఇంటి చెవులు, పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి.

"ఏం అడిగిందో తెలుసా నిన్ను?"

"తెలీదు టీచర్."

"నాకు మోకాలు నొప్పి, మీ నాన్నగారు ఇవాళ చూస్తారా అని అడిగింది. నువ్వు చూస్తాడన్నావు. మీ నాన్న ఏం చూస్తాడురా, దుంపల్ని చూస్తాడు."

నాన్నగారు ఊళ్ళో లేరని చెప్పేద్దామని ఆవిడ అనుకుంటూ ఉండగానే పుణ్యకాలం దాటిపోయింది. భోజనాల దగ్గర బామ్మ మోకాలు చూపించి, కిటికీలోంచి నన్ను చూపించిందట. హౌ గారు ఏమిటి సంగతని అడిగితే మెంగ్ టీచర్ చెప్పక తప్పలేదు. ఆయన భయపడలేదు సరికదా, పొంగిపోయారు. బడి గేటుకి ఎదురుగా మూలికల దుకాణం పెట్టుకున్న షెన్ డాక్టరు ఉన్నాడు, సూదులు గుచ్చి నొప్పులు తీస్తాడు. ఆయనకి కొడుకు లేడు, వీడికి డాక్టరు నాన్న లేడు, అరగంట సర్దుకుంటే పోలా అన్నారు హౌ గారు. ఏదైనా తేడా వస్తే కొండమీది బడి తలుపులు తెరిచే ఉన్నాయని మెంగ్ టీచర్‌కి ఇంకోసారి గుర్తుచేశారు.

అలా నన్ను షెన్ డాక్టరు దగ్గరికి పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళారు. ఆయనకి డెబ్బై ఏళ్ళుంటాయి. భార్య పోయి చాలా కాలమైంది. రోట్లో ఏదో వేరు దంచుతూ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఇంగ్లీషులో ఎన్ని మార్కులని అడిగాడు. చెప్పాను. ఎంతకి అని అడిగాడు. అదీ చెప్పాను. రోకలి పక్కన పెట్టి హౌ గారి వైపు తిరిగాడు.

"ఇంకొకణ్ణి చూపించకూడదూ? ఆ లీడరు పిల్ల ఉందట కదా, ఆ అమ్మాయైతే నాకేం అభ్యంతరం లేదు."

బామ్మ అడిగింది వీడి నాన్ననే అని అందరూ నచ్చజెప్తే ఆయన పెద్ద మనసు చేసుకున్నాడు. అరగంట కొడుకుగా కూడా పనికిరానంత ఘనుణ్ణి నేను. ఒక తెల్లకోటు వెతికి తొడుక్కున్నాడు, నా కాలరు సరిచేశాడు, గోళ్ళు చూపించమని తిట్టాడు. నాన్న కావడానికి ఆయనకి శిక్షణ ఏమీ అక్కర్లేకపోయింది.

బామ్మ వచ్చింది. బల్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. షెన్ డాక్టరు మోకాలి చుట్టూ సూదులు దించుతున్నాడు, నేను సూదుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మెంగ్ టీచర్ మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు చేరవేస్తోంది. హౌ గారు గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డారు. అంతా సవ్యంగా నడుస్తోంది. అరగంటలో సగం గడిచింది.

అప్పుడు బయట మూడుచక్రాల డీజిలు బండి చప్పుడు వినిపించింది. ఆ బండి మా ఊళ్ళో చాలామందికి ఉంది, కానీ మధ్యలో ఒక దగ్గు దగ్గి మళ్ళీ అందుకునేది మా నాన్నదే. గురువారం గురువారం ఆయన బడి వంటింటికి దుంపల బస్తాలు వేసి, నాకు వారానికి సరిపడా ఆవిరి రొట్టెలు ఇచ్చి వెళ్తాడు. ఆ సంగతి నేను మర్చిపోయాను. నేను గుర్తుపెట్టుకున్నది ఏముంది గనక.

నాన్న పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. రొట్టెల సంచీ మోచేతికి వేలాడుతోంది. మీ వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడట. మిగతాది వినకుండా పరిగెత్తాడు. లోపల ఎవరున్నారో, బల్ల మీద కాలు ఎవరిదో ఆయన చూడలేదు. సూటిగా నా దగ్గరికి వచ్చి మట్టి చెయ్యి నా నుదుటి మీద పెట్టాడు.

"ఏమైందిరా? జ్వరమా? కడుపా?"

నాకేమీ కాలేదని చెప్పాను. ఆయన ఇంకా నమ్మక రెండో చేత్తో తన నుదురు తడిమి చూసుకుంటున్నాడు, ఏది వేడిగా ఉందో తేల్చుకోవడానికి. హౌ గారు నవ్వు చెదరకుండా, బామ్మకి అనుమానం రాకుండా, తియ్యటి గొంతుతో మన భాషలో చెప్పారు.

"దౌ అన్నా, ఒక్క అరగంట వీడు షెన్ డాక్టరు గారి కొడుకు. విదేశీ ఆవిడకి అలా చెప్పాం. బస్తాలు వంటింట్లో వేసి వెళ్ళు, రొట్టెలు అక్కడ పెట్టు."

నాన్న చెయ్యి నా నుదుటి మీదనుంచి దిగింది. మా నాన్న కోపగించుకునే మనిషి కాదు. హౌ గారి వంక చూశాడు, తెల్లకోటు వంక చూశాడు, నా వంక చూశాడు. అలాగే కానివ్వండి, అరగంట కూడు కూడా మీరే పెట్టండి అని నవ్వాడు. రొట్టెల సంచీ అమ్మడానికి తెచ్చిన సరుకులా గోడవార పెట్టి, పాంటుకి చేతులు తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు. సిగ్గు అంటే ఏమిటో ఇరవైమూడు మార్కులు వచ్చినప్పుడు కూడా నాకు తెలియలేదు, ఆ నవ్వు చూశాక తెలిసింది.

బామ్మ ఇదంతా చూస్తోంది. ఆవిడకి మాటలు అర్థం కాకపోవచ్చు గానీ కళ్ళున్నాయి. గుమ్మం దగ్గర నాన్న చెవులు చూసింది, పళ్ళెం పట్టుకున్న నా చెవులు చూసింది. మెంగ్ టీచర్‌ని అడగలేదు, నన్నే అడిగింది.

"హూ ఈజ్ హి?"

పుస్తకంలో అది మొదటి పాఠం. ఆ ఒక్క ప్రశ్న నాకు అక్షరాల సాయం లేకుండా అర్థమవుతుంది. మెంగ్ టీచర్ నా వంకే చూస్తోంది. కళ్ళతో ఏదో చెప్తుందేమో అనుకున్నాను, ఏమీ చెప్పలేదు. ఆవిడ కొండెక్కడం, ఆ బల్ల కింది పిల్ల వారమంతా అమ్మ లేకుండా ఉండడం నా నోట్లో ఉంది. ఎవరో దుంపలతను అని మన భాషలో గొణిగితే చాలు, ఆవిడ దాన్నే ఇంగ్లీషులో సర్దేస్తుంది. నాన్న అప్పటికే గడప దాటుతున్నాడు.

"హి ఈజ్ మై ఫాదర్," అన్నాను.

ధైర్యం అనుకునేరు. నాకంత లేదు. ఎదురుగా ఉన్న మా నాన్నని చూపించి ఈయనెవరు అంటే ఏ భాషలోనూ నాకు ఇంకో జవాబు రాదు, అంతే. ఫాదర్ అన్న మాట రిహార్సళ్ళ పుణ్యమా అని హౌ గారికి కూడా వచ్చు. ఆయన నవ్వు అక్కడే గడ్డకట్టింది.

బామ్మ షెన్ డాక్టరు వైపు వేలు చూపించింది. మరి ఈయన, అన్నట్టు కనుబొమలెత్తింది. హి ఈజ్ ఎ డాక్టర్ అన్నాను. అది కూడా నిజమే కదా. బామ్మ మమ్మల్నందరినీ ఒక్కొక్కరినీ చూసి మెంగ్ టీచర్ దగ్గర ఆగింది.

మెంగ్ టీచర్ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆవిడ పుస్తకం లేకుండా ఇంగ్లీషు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మొదలుపెట్టి ఆగిపోయేది, వెనక్కి వెళ్ళి ఇంకో మాట వెతుక్కునేది, దొరక్కపోతే చేతులతో చూపించేది, నుదుటి చెమట తుడుచుకుని మళ్ళీ ఎత్తుకునేది. అచ్చం నాలాగే. ఇలా తడుముకుంటూ కూడా ఇంగ్లీషు మాట్లాడొచ్చని, అవతలివాళ్ళకి అర్థమవుతుందని అప్పుడే చూశాను. బామ్మ ముఖం విప్పారింది. ఏదో అడిగింది. మెంగ్ టీచర్ ఒక్క క్షణం తటపటాయించి చెప్పింది. బామ్మ రెండు చేతులూ కలిపి మళ్ళీ ఏదో అడిగింది.

మెంగ్ టీచర్ మా వైపు తిరిగింది. ముఖం మీద నవ్వు అలాగే పెట్టుకుని మన భాషలో చెప్పింది.

"షెన్ డాక్టరు గారు వీడికి ఎండు నాన్న అని చెప్పాను. ఎప్పటినుంచి అని అడిగింది. ఇవాళ్టినుంచే అన్నాను. ఆ తంతు చూస్తానంటోంది."

నెత్తుటి తడి లేకుండా వరస కలుపుకున్న నాన్నని మా వైపు ఎండు నాన్న అంటారు. పిల్లవాడు అందరి ముందూ మూడుసార్లు మోకరిల్లి టీ గిన్నె అందించాలి, ఆయన వాడికి అన్నం గిన్నె, అన్నం తినే పుల్లలు ఇవ్వాలి. ఆ తర్వాత వాడి కష్టసుఖాలు ఆయనవి కూడా. సరదాకి చేసే పని కాదు. కన్నతండ్రి ఒప్పుకోనిదే ఆ తంతు జరగదు, అందరూ గుమ్మం వైపు చూశారు.

నాన్న చెవి గోక్కున్నాడు. మళ్ళీ లోపలికి వచ్చాడు.

"డాక్టరు గారూ, ఇది నాటకమా, నిజమా? నాటకమైతే వద్దు. దొంగమొక్కు మొక్కితే పిల్లాడికి మంచిది కాదు."

షెన్ డాక్టరు చేతిలో ఆఖరి సూది మిగిలి ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేశాడు.

"నాకు నాటకాలాడే వయసుందా నాయనా. వీడి మార్కులు విన్నాను. అయినా సరే," అన్నాడు.

మోకరిల్లాను. నా నుదురు నేలకి తగిలిన ప్రతిసారీ బామ్మ మోకాలికి సూదులు ఉండగానే చప్పట్లు కొట్టింది. షెన్ డాక్టరు తన సొంత అన్నం గిన్నె కడిగి తెచ్చి ఇచ్చాడు, ఆ ఇంట్లో రెండోది లేదు. నాన్న బండిలోంచి అన్నిటికంటే బరువైన బస్తా భుజాన వేసుకొచ్చి దుకాణం మధ్యలో దింపాడు. హౌ గారు తానే ఈ ముహూర్తం పెట్టించినట్టు అందరికీ టీ పోయించారు.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మెంగ్ టీచర్ కొండెక్కలేదు. బామ్మ మా బడికే వచ్చి ఏడాది ఉంది, హౌ గారి ఫొటో పేపర్లో పడింది. ఆవిడ మోకాలు మాత్రం తగ్గలేదు, ఆ ముక్క ఎవరూ షెన్ డాక్టరుకి అనువాదం చెయ్యలేదు. ఆయన ఆదివారం ఆదివారం నన్ను కూర్చోబెట్టి ఇంగ్లీషు పైకి చదివించేవాడు. ఆయనకి ఒక్క అక్షరం రాదు, అయినా నేను నసిగినచోటల్లా సరిగ్గా పట్టుకుని నెత్తిన మొట్టేవాడు. తెలివి పెరగడానికని ఏదో కషాయం తాగించేవాడు. ఏడాది తాగితే నాకు ముప్ఫైఒకటి వచ్చాయి.

ఆ గురువారం సాయంత్రం నాన్నని సాగనంపడానికి బండి దాకా వెళ్ళాను. ఆయన ఖాళీ సంచులు మడతపెడుతున్నాడు. నావంక చూడకుండానే, క్లాసులో నన్ను డాక్టర్ని చేశావట కదా అన్నాడు. పుస్తకంలో అలాగే ఉందని చెప్పాను. పుస్తకంలో దుంపలు పండించేవాడు లేడా అని అడిగాడు. లేడన్నాను. వాన పడదని ఎవరో చెప్పినట్టు తల ఊపి ఊరుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగాలని ఉంది గానీ, మా ఇంట్లో అలాంటివి అడిగే అలవాటు లేదు.

సంచులన్నీ మడిచి సీటు కింద తోశాక అడిగాడు.

"లోపల ఆవిడకి రెండు ముక్కలు చెప్పావు. నేను ఏ ముక్కలో ఉన్నాను?"

"మొదటి దాంట్లో."

"ఏదీ, అను."

అన్నాను. ఆయన పెదవులు కదిలాయి గానీ పైకి అనలేదు. బండి ముందుకి వెళ్ళి హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి, అందుకుని, వీధంతా దద్దరిల్లేలా మోగడం మొదలుపెట్టింది. సీటెక్కి కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదు మళ్ళీ అనమని సైగ చేశాడు. నేను గొంతు చించుకుని అన్నాను. మళ్ళీ సైగ చేశాడు. మళ్ళీ అన్నాను. గేటు దగ్గర పిల్లలు గుమిగూడి నవ్వుతున్నారు. ఇంజను ఆపితే చక్కగా వినిపించేది. ఆయన ఆపలేదు, నేనూ ఆపమనలేదు.